కంటి కోసం వెళ్తే కాలు చూపించమన్నారు

నా కుడి కాలు ఇప్పుడు చెప్పులో పడుతుంది. ఇదీ ఒక విశేషమేనా అని మీకు అనిపిస్తే మీ కాళ్ళు బాగున్నాయని అర్థం. ఆ సంతోషంతో పేజీ తిప్పేయవచ్చు. చెప్పులో కాలు పట్టని వాళ్ళు, పొద్దున కన్ను తెరిస్తే లోపల ముల్లు గీసుకున్నట్టుండే వాళ్ళు, ఈ రెండు బాధలూ ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళు మాత్రం కాసేపు కూర్చోండి. కాలు కిందికి వేలాడేయకుండా ఎత్తుమీద పెట్టుకుని కూర్చోండి.

మాది తర్లుపాడు పక్క ఊరు. పలకరాయి చీల్చే పని నాది. ఎక్కడెక్కడి పిల్లలో నేను చీల్చిన పలక మీద అక్షరాలు దిద్ది ఆఫీసర్లు అయ్యుంటారు. నేను మాత్రం ఏడో తరగతితో ఆపేశాను. స్వీట్లు చేసేవాడు స్వీట్లు తినడు కదా, అట్లా అనుకోండి. ఇంట్లో మా అమ్మ, నా భార్య రమణమ్మ, మార్కాపురం హాస్టల్లో ఉండి చదువుకునే మా అమ్మాయి శిరీష. నేను ఒక్కణ్ణే మాట్లాడతాను, మిగతా ముగ్గురూ భరిస్తారు.

మా ఇంట్లో ఒక నమ్మకం ఉండేది. పలకరాయి పొడి కంట్లో పడితే అది రెప్ప లోపలి అంచున వెంట్రుకై మొలుస్తుందని. అందరికీ ఉండే రెప్పవెంట్రుకల వెనక మాకు ఇంకో వరస ఉండేది. అవి లోపలికి తిరిగి కంటిగుడ్డును గీరుతుంటాయి. మా నాయనకు మొలిచాయి, నాకు మొలిచాయి. ఇద్దరం రాతిపని వాళ్ళమే, ఇంకేం సాక్ష్యం కావాలి? పొద్దున్నే అమ్మ మమ్మల్ని ఎండకు ఎదురుగా అరుగుమీద కూర్చోబెట్టి, ముల్లు తీసే చిమటాతో ఒక్కొక్కటే పీకేది. "కలుపు తీస్తుండా, కదలబాకు" అనేది. కలుపు కాబట్టి మళ్ళీ మొలిచేది. పక్కింటి వాళ్ళు కూడా మాతోపాటే అదే క్వారీ గుంతలో అదే పొడి పీల్చారు, వాళ్ళ కళ్ళలో ఒక్క వెంట్రుకా మొలవలేదు. ఆ సంగతి మా బుర్రలకు తట్టలేదు. వాళ్ళవి మొద్దు కళ్ళు అనుకున్నాం.

కాలి కథ వేరు. అట్లా అనుకున్నాం మేము, ఇది వేరే కథ అని. మా నాయనకు కుడి కాలు వాచి ఉండేది. ఊరంతా బోదకాలు అంది. ఆయన పంచె పాదాల దాకా దించి కట్టేవాడు, ఎవరూ లేనప్పుడు స్నానం చేసేవాడు, కన్నకొడుకునైన నాకు కూడా ఆ కాలు చూపించలేదు. నేను దాన్ని మొదటిసారి చూసింది ఆయన పోయిన రోజు, చివరి స్నానం చేయిస్తున్నప్పుడు. అప్పటికి నాకు మీసాలు సరిగా రాలేదు, కానీ చెప్పు వారు నా పాదం మీద లోతుగా అచ్చు పడడం మొదలైంది. ఆ కాలు చూసి, నా కాలు చూసుకుని, సరే, ఇదీ మన దారి అనుకున్నాను. ఆ రోజు నుంచి నేను లుంగీ పైకి మడిచి కట్టలేదు. క్వారీలో అంత ఎండలో లుంగీ దించి కట్టే మొగవాణ్ణి నేనొక్కణ్ణే. ఎవరన్నా అడిగితే, "నా కాళ్ళు చూస్తే మీ ఆడోళ్ళు మిమ్మల్ని వదిలేస్తారు" అనేవాణ్ణి. నవ్వి పోయేవారు. నవ్వించినంతసేపూ ఎవరూ కిందికి చూడరు.

బోదకాలు పరీక్షకు రక్తం తీసుకుపోయిన వాళ్ళు ప్రతిసారీ పురుగు లేదనే చెప్పారు. పురుగు దాక్కుందని మా ఊరు తీర్పు చెప్పింది.

పోయిన ఎండాకాలంలో పెద్ద దెబ్బ తగిలింది. మా పనిలో రాతి దిమ్మెను కదలకుండా పాదంతో తొక్కిపెట్టి, అంచున ఉలి పెట్టి సుత్తితో కొడతాం. పొరలు పొరలుగా విడిపోతుంది. పాదానికి చెప్పు ఉంటే రాయి పట్టు దొరకదని ఉత్త కాళ్ళతోనే చేస్తాం. ఆ రోజు ఒక చెక్క ఎగిరి బొటనవేలి పక్కన కోసింది. మాకు మందు తెలుసు: పలకపొడి చిటికెడు తీసుకుని తెగిన చోట అద్దడం. రక్తం వెంటనే ఆగుతుంది. తాతల నాటి నుంచి అంతే. ఇంటికి వచ్చాక అమ్మ ఇంకో చిటికెడు అద్దింది.

మర్నాటికి చలి పుట్టింది. మార్కాపురం ఎండలో, రేకుల కప్పు కింద, రెండు దుప్పట్లు కప్పుకుని వణికాను. కాలు మోకాలిదాకా ఎర్రగా, ముట్టుకుంటే పెనంలాగా ఉంది. రమణమ్మ ఆటో పిలిచింది.

"యాడికే?" అన్నాను.

"పెండ్లికి. లెయ్యి."

ఆసుపత్రి వరండాలో మంచం ఖాళీ అయ్యేదాకా గోడకు ఆనుకుని కూర్చున్నాను. అడవి వైపు నుంచి, దోర్నాల అవతల నుంచి భర్తను తీసుకొచ్చిన ఒక పెద్దమ్మ పక్కన ఉంది. నేను కాలు కింద మోపలేక ఎత్తి పట్టుకుని అల్లాడుతుంటే కాసేపు చూసింది. తన బుట్టలోని గుడ్డలూ గిన్నే కుంకుడుకాయలూ ఒళ్ళోకి గుమ్మరించుకుని, ఖాళీ బుట్టను బోర్లించి నా కాలి కింద పెట్టింది. "ఉంచుకో నాయనా, మాకిప్పుడు దాంతో పనేముండాది" అంది. మంచం దొరికేదాకా ఆమె ఆ సామానంతా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. ఆమె పేరు అడగాలన్న తెలివి కూడా ఆ జ్వరంలో నాకు లేకపోయింది.

జ్వరం దిగాక డాక్టరు నా దుప్పటి ఎత్తి చూసి, ఇంతకు ముందు ఇట్లా వచ్చిందా అని అడిగాడు. చిన్నచిన్నవి వచ్చాయన్నాను. వచ్చిన ప్రతిసారీ కాలు ఇంకాస్త పాడవుతుంది, ఇంకోసారి ఇంత గట్టిగా వస్తే కాలు కాదు, నువ్వే దక్కుతావో లేదో అన్నాడు.

"ఒక్క కాలుతో నిలబడే పని ఏమన్నా ఉందా సార్, కొంగ పని కాకుండా?" అన్నాను.

డాక్టరు నవ్వాడు. రమణమ్మ నవ్వలేదు. ఆయన వెళ్ళాక నా వైపు చూడకుండా, "మామ ఎట్ల పోయినాడో మీ అమ్మనడిగినా" అంది. మామ అంటే ఆమెకు మామ, మా నాయన. "ఇదే జరంతో అంట. ఇదే కాలంట."



బడులు తెరిచిన కొన్నాళ్ళకు హాస్టల్ వార్డెన్ ఫోన్ చేసింది. మీ పాప రోజూ ఏడుస్తోంది, ఇంటి మీద బెంగేమో, వచ్చి మాట్లాడండి అని. వెళ్ళాను. శిరీష కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చెంపల మీద తడి ఆరలేదు.

"ఎవరన్నా ఏమన్నా అన్నారా తల్లీ?"

"ఎవరూ ఏమన్లా. నేను ఏడ్చడంలా నాయనా. అయ్యే కారతాండాయి. చెప్తే మేడం నమ్మడంలా."

పట్నంలోనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. బల్లమీద గడ్డం ఆనించి దీపం వేసి చూశాడు. రెప్పల లోపల ఇంకో వరస వెంట్రుకలు ఉన్నాయి, అవి గీరుతున్నాయి అన్నాడు. నాకు తెలిసిన విషయమే కదా, ధీమాగా చెప్పాను.

"అది రాతిపొడి సార్. మా ఇంట్లో అందరికీ మొలుస్తాది."

"పాప క్వారీకి వస్తుందా?"

"ఎందుకొస్తాది సార్. చదువుకుంటాంది. నేను రానిస్తానా?"

"మరి పొడి ఎక్కడిది?"

డాక్టరు నన్ను కూడా ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టి నా రెప్పలు తిప్పి చూశాడు. "ప్యాంటు పైకెత్తండి" అన్నాడు.

"సార్, కన్ను పైన ఉండాది."

"తెలుసు. కాళ్ళు వాపు ఉందా మీకు?"

అమ్మకూ రమణమ్మకూ తప్ప నా అంతట నేను ఎవరికీ చూపించని దాన్ని కంటి డాక్టరు అడుగుతున్నాడు. ఎత్తక తప్పలేదు. డాక్టరు వంగి చూస్తుంటే నేను డాక్టరు తల మీదుగా శిరీషను చూశాను. అది నా కాలు చూడడం అదే మొదటిసారి. అది నా కాలు చూసింది, తర్వాత తన పాదాలను మెల్లగా కుర్చీ కిందికి లాక్కుంది.

జ్వరంలో భయపడ్డాను, డాక్టరు మాటకు భయపడ్డాను. ఆ రెండు చిన్న పాదాలు కుర్చీ కిందికి పోయినప్పుడు పడిన భయం ముందు అవి ఏమీ కావు. మా నాయన చివరి స్నానం రోజు నేను ఎట్లా చూశానో అది అట్లాగే చూసింది. నా కాలు దానికి రాబోయే కాలం ఫోటోలాగా కనపడింది. ఆ ఫోటో మార్చాలి. నేను బతకడం, కాలు దక్కించుకోవడం అప్పటిదాకా నా సొంత విషయం, బద్ధకించినా నాకే నష్టం. ఆ రోజు నుంచి అట్లా కాదు.

కంటి డాక్టరు గుంటూరుకు రాసిచ్చాడు. వినాయక చవితి వెళ్ళాక నేనూ రమణమ్మా శిరీషా ముగ్గురం తర్లుపాడులో రైలెక్కాం. పెద్దాసుపత్రి వరండాలో జనం మధ్య ఎదురుచూడడం ఒక ఉద్యోగం, జీతం ఒక్కటే ఉండదు. పక్కనున్న ప్రతివాడూ నా కాలు చూసి ఒక మందు చెప్పాడు. ఉమ్మెత్తాకు అన్నాడు ఒకడు, జలగలు అన్నాడు ఇంకొకడు. "జలగలు వద్దులే అన్నా, ఇంట్లో ఇప్పటికే చుట్టాలు చాలామంది ఉండారు" అన్నాను. శిరీష మూతి బిగించి నవ్వాపుకుంది. గుంటూరు ఖర్చు అక్కడికే వసూలైంది నాకు.

లోపల, వంశంలో వచ్చే జబ్బుల గురించి వివరంగా చెప్పే అమ్మాయి ఉంది, మా మేనకోడలు వయసు ఉంటుంది. కన్నూ కాలూ ఒకే జబ్బు అంది. పొడి కాదు, పురుగు కాదు, పుట్టుకలోనే ఉంది. మా రక్తం తీసి హైదరాబాదు పంపారు. కొన్ని వారాలకు మళ్ళీ పిలిచి, మా ఇద్దరిలోనూ ఒకే జీనులో ఒకే చోట తేడా ఉందని చెప్పింది. దాని పేరు ఫాక్స్ సీ టూ.

"ఫాక్స్ అంటే నక్క గదమ్మా" అన్నాను.

"ఆ నక్క కాదండీ. ఫోర్క్ హెడ్ అనే పేరులోంచి తీసుకున్నారు. అరటిపండ్ల మీద మూగే చిన్న ఈగలు ఉంటాయి కదా. వాటిలో ఈ వంశం జీను ఒకటి పాడైతే తల దగ్గర పంగలకర్రలాగా రెండు పాయలు వచ్చాయి. అది చూసి పెట్టిన పేరు."

"ఈగ తలకాయ పాడైతే నా కాలెందుకు వాచింది?"

పాపం ఆ అమ్మాయి విసుక్కోలేదు. ఈ జీను తానుగా ఏదీ కట్టదు, వేరే జీన్లకు ఎప్పుడు లేవాలో, ఎప్పుడు ఆగాలో చెబుతుంది అంది. నాకు వెంటనే తెలిసిపోయింది. మేస్త్రీ. మేస్త్రీ రాయి మోయడు. ఎవరు ఏ రాయి ఎప్పుడు తీయాలో చెబుతాడు, అంతే. కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు ఈ మేస్త్రీకి రెండు మూడు చోట్ల పని. కంటిరెప్ప అంచున నూనె ఊరే తిత్తులు కట్టించాలి. కాళ్ళలో, రక్తం కాక ఇంకో నీరు పైకి పోయే సన్నని గొట్టాలు ఉంటాయట, వాటిలో నీరు కిందికి జారకుండా తలుపులు పెట్టించాలి. మేస్త్రీ సరిగా లేకపోతే తిత్తులు ఉండాల్సిన చోట వెంట్రుకలు మొలుస్తాయి, తలుపులు సరిగా పడవు.

"బోరుమోటారుకు ఫుట్‌వాల్వు పోయినట్టు" అన్నాను. మా వైపు ఫుట్‌వాల్వు తెలియని మనిషి ఉండడు.

"సరిగ్గా అంతే" అంది. ప్రతి మనిషికీ ఈ జీను రెండు ప్రతులు ఉంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. మా అమ్మ పంపిన మేస్త్రీ బాగానే ఉన్నాడు, నాయన పంపినవాడే తాగి పడుకున్నాడన్నమాట. నా పిల్లలకు ఆ తాగుబోతు పోతాడా, మంచివాడు పోతాడా అన్నది బొమ్మా బొరుసూ వేసినట్టు. శిరీషకు పడింది మా నాయనవాడే.

ఇదే ఇంటిపేరు గల మేస్త్రీలు ఒంట్లో ఇంకా చాలామంది ఉన్నారట. ఒకడు మెడలోని థైరాయిడ్ గ్రంథి కట్టిస్తాడు. ఒకడు ఒంటి కాపలావాళ్ళు సొంత ఒంటినే కొట్టకుండా చూస్తాడు, వాడు పాడైతే పసిబిడ్డలకే ప్రాణం మీదికి వస్తుంది. ఇంకొకడు తిండి లేనప్పుడు ఒంటిని పొదుపుగా నడిపిస్తాడు. కొందరు దారితప్పితే క్యాన్సర్లలో కూడా వాళ్ళ చేయి ఉంటుంది. ఒకడు మెదడులో మాట్లాడే చోట పని చేస్తాడు, వాడు సరిగా లేకపోతే పిల్లలకు మాట సరిగా తిరగదు.

రమణమ్మ అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. "ఆ మాటల మేస్త్రీ మాత్రం ఈయనకు ఓవర్‌టైం చేసినాడమ్మా" అంది.

ఆ గదిలో అందరం నవ్వాం. నవ్వు ఆగాక శిరీష అడిగింది, "అక్కా, నా కాలు కూడా అట్ల అవుతాదా?"

అది అడగడానికే ఇంతదూరం వచ్చిందని నాకు తెలుసు. ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. వాపు రావడానికే ఎక్కువ అవకాశం ఉంది, నీ వయసు నుంచే మొదలు కావచ్చు, ఆలస్యంగా రావచ్చు, కొందరికి కొద్దిగానే ఉండిపోతుంది అంది. మేస్త్రీని మార్చే మందు లేదు. కానీ మొదట్లోనే కాలికి బిగుతు కట్టో మేజోడో వేసుకుని, చర్మం పగలకుండా చూసుకుని, దెబ్బ తగిలితే వెంటనే మందు వాడితే మీ నాన్నగారి కాలంత కానక్కర్లేదు అంది. "మీ నాన్నగారిది కూడా ఇంతే ఉండనక్కర్లేదు" అని నా వైపు చూసింది.

ఇంటికి వచ్చి అమ్మకు చెబితే ఈగ దగ్గరే ఆగిపోయింది. "ఈగేందిరా, యాడి ఈగ" అని. ఈగను దాటించి మిగతాది చెప్పేసరికి ఆమె అడిగింది వేరే.

"అయితే నేను అద్దిన పొడి?"

"పొడికీ ఈ జబ్బుకూ సంబంధం లేదుమా."

"తెగిన కాడ అద్దబాకండి అన్నారంట గదా. రమణ చెప్పింది. మీ నాయనకూ నేనే అద్దితిని."

ఆమె చేతులు చూసుకుంటూ కూర్చుంది. పక్కన కూర్చుని, "కండ్లు మండుతుండాయి, కలుపు తియ్" అన్నాను. తీసింది. ఆమెకు చేయడానికి ఒక పని దొరికింది. శిరీష రెప్పల్లోవి మాత్రం డాక్టరు కుదుళ్ళు కాల్చి తీశాడు. కొన్ని మళ్ళీ వచ్చాయి, మళ్ళీ తీయించాం. చదివేటప్పుడు కారడం తగ్గింది.

తర్వాత అమ్మ ఇంకో మాట అంది. "రక్తంలో ఉండాదని ఊళ్ళో చెప్పబాకు. ఆడపిల్ల."

"దాయడం నాయన చేసినాడు, నేను చేసినాను. ఏం ఒరిగింది?" అన్నాను. అది మా ఇంట్లో నేను నవ్వకుండా చెప్పిన మొదటి మాట కావచ్చు.

అప్పటి నుంచి రోజూ పొద్దున వీధి అరుగుమీదే కూర్చుని కట్టు కట్టుకుంటున్నాను. కాలు సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు తుడిచి, నూనె రాసి, వేళ్ళ దగ్గర నుంచి మోకాలిదాకా బిగుతుగా చుట్టాలి. పైకి పోయేకొద్దీ బిగుతు తగ్గాలి. మొదటి వారం రమణమ్మ కట్టింది, ఎద్దుకు పలుపు బిగించినట్టు. ఊరు చూసింది, ఊరన్నాక చూస్తుంది. "క్రికెట్ ఆడబోతుండావా?" అని ఒకడు. "ఆడతా, మన ఊరోళ్ళకు బౌలింగ్ రాదు" అన్నాను. జోకు అదే, లుంగీ ఒక్కటి పైకి వెళ్ళింది.

క్వారీలో బూటు వేసుకుని వెళ్తే కలెక్టరొచ్చినాడు లేయండ్రా అన్నారు. బూటుతో దిమ్మె తొక్కిపెడితే జారుతోంది. తుమ్మచెక్కతో ఒక బిగింపు చేయించాను, దిమ్మెను దానిలో ఇరికించి కొడతాను. చేయి అలవాటు పడేదాకా చాలా రాయి పాడు చేశాను, మేస్త్రీతో, అంటే అసలు మేస్త్రీతో, తిట్లు తిన్నాను. అన్ని రోజులూ గొప్పగా గడిచాయని చెప్పను. ఉక్కపోతకు కట్టు లోపల దురద పుట్టి విప్పి మూలకు విసిరేసిన రోజులున్నాయి. అప్పుడు రమణమ్మ ఆ గుడ్డ ఉతికి, ఆరేసి, చుట్టచుట్టి నా ముందు పెడుతుంది.

కార్తీకంలో కాలు ఇంకోసారి తెగింది. పొడి ముట్టలేదు. సబ్బుతో కడిగాను, డాక్టరు ముందే రాసిచ్చి ఉంచిన మాత్రలు మొదలుపెట్టాను, కాలు ఎత్తుమీద వేసుకుని పడుకున్నాను. అమ్మ మాటిమాటికీ వచ్చి నుదుటి మీద చేయి పెట్టి పోయింది. జ్వరం రాలేదు. నాకు ఈ రోగంలో దొరికిన గెలుపు అదే. చలికాలం పోయేసరికి చీలమండ ఎముక ఎక్కడుందో మళ్ళీ కనపడింది, చాలా ఏళ్ళకు.

శివరాత్రి సెలవులకు శిరీష వచ్చింది. బ్యాగు దించి, నేను అరుగుమీద కట్టు విప్పుకుని ఉంటే ఎదురుగా నిలబడింది.

"నాయనా, కాలు చూపించు."

చాపాను. బొటనవేలితో నొక్కి, గుంట పడిందో లేదో చూసి, చేత్తో చుట్టుకొలత పట్టి చూసింది.

"బాగా తగ్గింది."

"తగ్గదా మరి. మీ అమ్మ బిగించిన బిగింపుకు బండరాయి కూడా తగ్గుతాది."

అది నవ్వలేదు. పక్కన కూర్చుని ఎడమ కాలి మేజోడు కిందికి లాగింది. దాని సాగే అంచు అచ్చు చర్మంలో లోతుగా పడి ఉంది. దాని కింద పాదం ఉబ్బుగా, నున్నగా.

"ఎప్పట్నుంచి?"

"పోయిన నెల నుంచి. సాయంత్రానికి వస్తాది, పొద్దునకు పోతాది."

"ఏడ్చినావా?"

"ఒక రోజు. అంతే. నువ్వు ఇట్ల చేసుకుంటుండావు గదా అనుకున్నా." తన పాదం చూసుకుంటూ, "కట్టు కట్టేది నేర్పు" అంది.

గుంటూరులో కొలిచి మేజోడు తెచ్చుకునేదాకా ఎట్లా కట్టాలో నా దగ్గర ఉన్న మెత్తటి కట్టుగుడ్డ తీసుకుని చూపించాను. వేళ్ళు కనపడాలి, నల్లబడకూడదు, తిమ్మిరెక్కితే విప్పాలి. సగంలో నా చేతిలోంచి లాక్కుని తనే చుట్టింది. నాకంటే పొందిగ్గా కట్టింది. నాకు కొంచెం రోషం కూడా వచ్చింది.

అప్పుడే ఎదురింటి పెద్దాయన బాయి దగ్గరికి పోతూ ఆగాడు. "ఏందిరా, పాపకు కూడానా?" అన్నాడు.

నేను నోరు తెరిచాను. ఏదో ఒకటి తగిలించి ఆయన్ను నవ్వించి పంపించేవాణ్ణే. ఈలోగా శిరీష తలెత్తింది. పావడా కిందికి లాక్కోలేదు.

"వాపు పెదనాయనా. మాకు పుట్టుకతోనే ఉండాది. ఇట్ల కట్టుకుంటే పెరగదు" అంది, తన తరగతి ఏదో చెప్పినంత మామూలుగా.

ఆయన "అట్లనా తల్లీ" అని తలూపి పోయాడు.

నేను తెరిచిన నోరు మూసుకుని, "ఆ రెండో కాలు కూడా చాపు, చూద్దాం" అన్నాను.